సగం గోలీ

బక్కమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పాశమైలారంలో ఆమె వంట చేసే ఫ్యాక్టరీ క్యాంటీన్‌కు వెళ్ళి ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. సాంబారు పలచగా ఉందని ఎవరైనా మూతి తిప్పారా, ఇంకేముంది, గరిటె పట్టుకుని బయటికొచ్చి, "మీ ఇంట్ల గింత పప్పు ఏస్తరా అయ్యా? చెప్పుండ్రి, వింటనే ఉన్న" అని నిలదీసేది. ఒడిశా నుంచీ బీహార్ నుంచీ వచ్చిన కార్మికులకు ఆమె తిట్లు సగం కూడా అర్థమయ్యేవి కావు. అయినా రెండోసారి అన్నం పెట్టించుకోవడానికి ఆమె ముందే వరుస కట్టేవాళ్ళు.

ఆమెకు రెండు విషయాల్లో గర్వం. ఒకటి కూతురు కృష్ణప్రియ. డిగ్రీ చదివి, బ్యాంకులో ఉద్యోగం తెచ్చుకుని, సంగారెడ్డి టీచరమ్మ కొడుకును చేసుకుని, తెల్లాపూర్‌లో పద్నాలుగో అంతస్తులో కాపురం పెట్టింది. రెండోది, తాను కల్లు మానడం. రెండు గర్వాలనూ తానుండే పటాన్‌చెరు బస్తీ అంతా చాటుకునేది. కూతురి అత్తగారింట్లో మాత్రం రెండోదాని ఊసెత్తే సందర్భం ఇంకా రాలేదు.

దాపరికం ఎందుకు, ఒకప్పుడు బక్కమ్మ బాగా తాగేది. హత్నూర దగ్గర వాళ్ళ ఊళ్ళో కూలికి పోయే ఆడవాళ్ళంతా సాయంత్రం కల్లు దుకాణం మెట్ల మీద కూర్చుని ఒక సీసా తాగి ఇంటికి పోయేవాళ్ళు. నడుము నొప్పి తెలియదని, నిద్ర బాగా పడుతుందని. అది చెట్టు నుంచి దించిన కల్లు అనుకునేరు! చెట్టెక్కడిది, పాడెక్కడిది? నీళ్ళలో చక్కెర, నురగకు ఏదో ఒకటి, మత్తుకు నిద్రగోలీల పొడి. ఒక సీసా రెండైంది, మొగుడు పోయాక నాలుగైంది. కృష్ణప్రియ పదో తరగతి ఆఖరి పరీక్ష రాసి ఇంటికొచ్చేసరికి తల్లి గుమ్మంలో అడ్డంగా పడి ఉంది. పిల్ల ఏడవలేదు. పుస్తకాలు గుండెలకు పట్టుకుని తల్లి మీది నుంచి దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ దాటడం బక్కమ్మకు మత్తులో కూడా తెలిసింది.

చాలా ఏళ్ళు సిగ్గుపడింది, చాలాసార్లు ఒట్టు పెట్టుకుంది, అన్నిసార్లూ తప్పింది. చివరికి ఒకరోజు మొండికేసి ఒక్కసారిగా ఆపేసింది. మర్నాటికి చేతులు వణికాయి, మెడ వంకర పోయింది, ఇంట్లో లేని మనుషులతో మాట్లాడడం మొదలుపెట్టింది. క్యాంటీన్‌లో తనతో పాటు పని చేసే హమీదా చూసి, ఆటోలో వేసుకుని పట్నంలోని పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. రంజాన్ నెల అది. ఉపవాసంతో ఉన్న మనిషి వరండాలో కూర్చుని, బక్కమ్మ తిట్టే తిట్లన్నీ వింటూ, ఆమె చెయ్యి వదల్లేదు. అక్కడి డాక్టరు మెల్లమెల్లగా తగ్గిస్తూ మత్తు వదిలించాడు. ఇంటికి పంపేటప్పుడు, "జబ్బు పోయిందనుకోకు తల్లీ, నిద్రపోయింది అంతే, నువ్వు లేపకు" అన్నాడు.

బక్కమ్మ ఆ మాటను కల్లుకే అన్వయించుకుంది. కల్లు దుకాణం ఉన్న సందులో కాలు పెట్టేది కాదు. దావత్‌లో సీసాలు కనబడితే విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసేది. ఆఖరికి తాటిముంజలు కూడా మానేసింది. "ముంజలు ఏం జేసినయక్కా నిన్ను?" అని హమీదా నవ్వితే, "గా చెట్టుతోనే నాకు పంచాయితీ" అని కసిరేది. పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు హమీదా మొహం చూసి, "ఇయ్యాల ముట్టను" అని ఒక మాట అనేది. ఏడేళ్ళు దాటినా ఆ మాట మానలేదు. ఇంకా ఎన్నాళ్ళు చెబుతావని ఎవరో అడిగితే, "నిన్న తిన్న బువ్వ ఇయ్యాలకు ఆగుతదా?" అని వాళ్ళ నోరు మూయించింది.

అలాంటి మనిషి ఒకరోజు క్యాంటీన్ తడి గచ్చు మీద జారిపడి కుడి చెయ్యి విరగ్గొట్టుకుంది. సిమెంటు కట్టు కట్టారు. కృష్ణప్రియ కారేసుకుని వచ్చి, వద్దన్నా వినకుండా తెల్లాపూర్‌కు బయలుదేరదీసింది.

దారిలో కూతురు నసుగుతూ మొదలుపెట్టింది. "అమ్మా, అత్తమ్మకు ఆ ముచ్చట తెల్వదు."

"ఏ ముచ్చట?"

"అదే అమ్మా. కల్లు ముచ్చట. నువ్వేదో మాటల మీద చెప్పేస్తవని నాకు భయం. చెప్పకు. నా మీద ఒట్టు."

బక్కమ్మకు ఒళ్ళు మండింది. "నేనేమన్న దొంగతనం జేసిననా? మానిన గదనే!"

"నువ్వు మానినవని నాకు యాదుంటది. వాళ్ళకు నువ్వు తాగినవని యాదుంటది. గంతే తేడా."

బక్కమ్మ కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది. బిడ్డ పరువు కంటే తన గర్వం ఎక్కువా అనుకుంది గానీ, లోపల మాత్రం ఎవరో కళ్ళలో కారం కొట్టినట్టే ఉంది.

అల్లుడు ఆఫీసు పని మీద వేరే ఊరికి వెళ్ళి ఉన్నాడు. వియ్యపురాలు సులోచన మంచి మనిషి. సంగారెడ్డి బడిలో పాఠాలు చెప్పి రిటైరై, భర్త పోయాక కొడుకు దగ్గర ఉంటోంది. గట్టిగా మాట్లాడదు, ఎవరినీ నొప్పించదు. కట్టుతో ఉన్న బక్కమ్మకు తానే జడ వేసింది, అన్నం కలిపి చెంచా ఇచ్చింది. ఆమెలో వంక పెట్టడానికి ఏమీ దొరక్క బక్కమ్మకు కాస్త చిరాకుగా కూడా ఉండేది. కూరలో ఉప్పు తక్కువని ఒకసారి అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకుంది.

చెయ్యి నొప్పితో నిద్ర పట్టడం లేదు. అది చూసి సులోచన ఒక సాయంత్రం భోజనాలయ్యాక గోరువెచ్చటి పాలు, అరచేతిలో చిన్న తెల్లగోలీ ముక్క పట్టుకొచ్చింది.

"వదినా, ఇది ఏసుకోండ్రి. నేను రోజూ సగం ఏసుకుంట. హాయిగ నిద్ర పడ్తది."

"డాక్టరిచ్చిన నొప్పిగోలీలు ఏసుకున్న గద వదినా."

"ఇది దానికి అడ్డం రాదు. సగమే గద."

టీచరమ్మ చెబుతోంది, పైగా మర్యాదగా చేతిలో పెట్టింది. బక్కమ్మ పాలతో మింగేసింది. కల్లు అయితే వాసన పట్టి ఆమడ దూరం పారిపోయేదే. గోలీకి వాసనేముంది?

అబ్బ, ఏం నిద్ర! తెల్లారి ఎండ మొహం మీద పడితే గానీ మెలకువ రాలేదు. ఒళ్ళు తేలికైంది. నొప్పి ఎక్కడో దూరంగా, వేరేవాళ్ళ చేతికి ఉన్నట్టుంది. సులోచనను పొగిడిందే పొగిడింది. ఆ సాయంత్రమూ వేసుకుంది. ఆ తర్వాతి సాయంత్రమూ వేసుకుంది. మధ్యలో హమీదా ఫోన్ చేస్తే, "మస్తుగున్ననే, కాలు మీద కాలేసుకుని కూసున్న" అని నవ్వింది. పొద్దున్నే చెప్పే మాట చెప్పడం మరిచిపోయిందని ఆమెకు తట్టనే లేదు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తిన్నప్పటి నుంచీ ఆమె కళ్ళు గోడ గడియారం మీదికి పోవడం మొదలైంది. గడియారం మీది నుంచి సులోచన గదిలోని బీరువా మీదికి పోయేవి. టీవీలో ఏమొస్తోందో ఎక్కలేదు. ఇంకా ఎండ తగ్గకముందే లేచి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, మెత్తటి గొంతుతో అడిగింది.

"వదినా, చెయ్యి బాగ గుంజుతుంది. గా గోలీ ఇయ్యాల జెర జల్దీ ఇస్తరా? సగం సరిపోతలేదు, నిండుది ఇయ్యిండ్రి."

చెయ్యి గుంజడం లేదు. అసలు నొప్పే లేదు. అబద్ధం ఎంత నున్నగా వచ్చిందంటే, చెప్పిన ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆ మెత్తటి గొంతు కూడా తనది కాదు. అంత మెత్తగా ఆమె ఒకే ఒక్క చోట మాట్లాడేది, కల్లు దుకాణం దగ్గర ఇంకో సీసా అడిగేటప్పుడు.

సులోచన "అయ్యో, పాపం" అంటూ బీరువా తెరిచింది. గోలీ అట్టను చించిన చప్పుడు వినబడింది. బక్కమ్మకు నోట్లో నీళ్ళూరాయి. అప్పుడు తట్టింది ఆమెకు. ఇది తెలిసిన ఎదురుచూపే. మెట్ల మీద కూర్చుని సీసా మూత తీసిన చప్పుడు కోసం చెవులు రిక్కించిన ఎదురుచూపే. కల్లులో తాను తాగింది కల్లును కాదు గదా, ఈ పొడినే గదా! చెట్టుతో పంచాయితీ పెట్టుకుని ముంజలు మానేసింది. అసలు శత్రువు వెండి అట్టలో కూర్చుని, మంచి చీర కట్టుకున్న వియ్యపురాలి చేతి మీదుగా వచ్చి, పాలతో పాటు లోపలికి దిగింది.

అన్నీ తెలిసి కూడా చెయ్యి చాచింది బక్కమ్మ. అది చెప్పక తప్పదు. గోలీ అందుకుని, కట్టు బయటికున్న కుడి చేతి వేళ్ళతో పిడికిలి బిగించి, "నీళ్ళతోటి ఏసుకుంట" అని బాల్కనీలోకి వెళ్ళి, ఎడమ చేత్తో ఫోన్ తీసి హమీదాకు కలిపింది.

"హమీదా, నన్ను ఎతుక్కుంట పద్నాలుగో అంతస్తుకొచ్చిందే."

"క్యా? ఎవరొచ్చిన్రు?"

జరిగింది చెప్పింది.

"చేతిల ఉందా ఇప్పుడు?" హమీదా అడిగింది.

"ఉంది."

"ఫేంక్ దే అక్కా. కిందికి పారెయ్."

"చెయ్యి తెరుసుకుంటలేదే. సగమే గదా, ఇయ్యాల ఒక్కనాడే గదా అనిపిస్తుంది. చెయ్యి నొప్పికే గదా అనిపిస్తుంది. నాకు నేనే చెప్పుకుంటున్ననే గివన్ని."

"సున్ మేరీ బాత్, నా మాట ఇను. పారేసినా రేపు మల్లడుగుతవ్. ఇంట్ల చెప్పు. ఆ ఇచ్చే ఆమెకు చెప్పెయ్. తెలిస్తె ఇయ్యదు గద."

"బిడ్డ ఒట్టు ఏయించుకుంది. దాని ఇజ్జత్ వోతది."

"నువ్వు మల్ల గుమ్మంల పడ్డంక చెప్తవా మరి?" హమీదా అరిచింది. ఏడేళ్ళలో ఆమె బక్కమ్మ మీద అరవడం అదే మొదటిసారి. తిట్టేది ఎప్పుడూ బక్కమ్మే.

ఫోన్ పెట్టేసి బక్కమ్మ అక్కడే నిలబడింది. కింద ఈతకొలను, కార్లు, వాకింగ్ చేసే మనుషులు కనబడుతున్నారు. ఒక పక్క బిడ్డ కాపురం, తలవంపులు. ఇంకో పక్క అరచేతిలో చెమటకు తడిసి మెత్తబడుతున్న గోలీ. ఎంతసేపు నిలబడిందో ఏమో, వెనక తలుపు చప్పుడైంది. కృష్ణప్రియ బ్యాంకు నుంచి వచ్చింది.

హాల్లో ముగ్గురికీ టీ పోసింది సులోచన. బక్కమ్మ వచ్చి కూర్చుని, పిడికిలి తెరిచి, గోలీని బల్ల మీద పెట్టింది.

"వదినా, ఇది మీరే తీసుకోండ్రి. నాకొద్దు. ఇగ నేను కాళ్ళు మొక్కి అడిగినా ఇయ్యకుండ్రి."

"ఏమైంది వదినా? పడలేదా?"

"మస్తు పడ్డది. గదే పరేషాన్."

కృష్ణప్రియ టీ కప్పు దించింది. తల్లి మొహం చూడగానే ఆమెకు విషయం తెలిసిపోయింది. కళ్ళతో వద్దని సైగ చేసింది. తర్వాత నోటితోనే అంది. "అమ్మా, వద్దు. అత్తమ్మా, నొప్పితోటి ఏదేదో..."

"ఊకో బిడ్డా" అంది బక్కమ్మ. కసిరింది కాదు, బతిమాలింది. "నీ మీద ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్న. తల్లిని మాఫ్ చెయ్యి."

ఇక సులోచన వైపు తిరిగి గొంతు సవరించుకుంది. "వదినా, నేను తాగుబోతును. కల్లు తాగేదాన్ని. గా కల్లుల గీ గోలీల పొడే కలుపుతరు. ఏడేండ్లాయె ముట్టక. ఇగ పోయింది అనుకున్న. మీ చేతుల సగం గోలీ ఏసుకున్ననో లేదో, నా ఒళ్ళు దాన్ని గుర్తువట్టింది. ఇందాక చెయ్యి నొప్పి అని మీకు అబద్ధం చెప్పి నిండు గోలీ గుంజుకున్న. ఇంకో వారమైతే మీ బీరువా తాళం దొంగతనం జేస్తుంటి. నన్ను నేను ఎరుగుదు."

కృష్ణప్రియ లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది. "అయిపోయింది గదమ్మా, ఇగ సంతోషమా నీకు?" అంటూ ఏడ్చేసింది.

"సంతోషమే" అంది బక్కమ్మ. ఆమె కళ్ళలోనూ నీళ్ళున్నాయి, కానీ గొంతు తన పాత గొంతే, క్యాంటీన్ చివరిదాకా వినబడే గొంతు. "ఎందుకు సంతోషం గాదు? నీకు తాగిన తల్లంటే సిగ్గు. నాకూ సిగ్గే. గని మానిన తల్లంటే సిగ్గెందుకే? నేను పుట్టినంక గింత పెద్ద పని ఇంకోటి చెయ్యలే. నిన్ను సదివించింది గూడ దాని ముంగట చిన్నదే. ఎట్ల మానిన్నో నాకు, హమీదాకు తెలుసు. ఇయ్యాల మల్లొకసారి మానుతున్న. దీన్ని నేను దాసుకోను."

సులోచన బల్ల మీది గోలీని తీసుకుంది. దాన్ని లోపల పెట్టడానికి లేవలేదు. వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు చూసి, మెల్లగా అడిగింది.

"వదినా, మానినప్పుడు మీకు... ఏమైతుండె?"

"ఎందుకు?"

"ఊరికెనే."

ఊరికెనే అనే మాట బక్కమ్మ ఎన్ని నోళ్ళలో వినలేదు! తన నోట్లోనే ఎన్నిసార్లు వినలేదు! ఆమె వియ్యపురాలి చేతుల వైపు చూసింది. ఆ వేళ్ళు గోలీని వదలడం లేదు.

"మీకు సగం అని చెప్పిన" అంది సులోచన, తలెత్తకుండా. "నేను రెండేసుకుంట. మీ అన్నయ్య పోయినప్పుడు డాక్టరు ఒక నెలకే రాసిన్రు. నేను ఆపలేకపోయిన. ఒకసారి ఆపి చూసిన, గుండె దడ, చెమటలు, చచ్చిపోతనేమో అనిపించింది. మల్ల మొదలుపెట్టిన. కొడుక్కు తెల్వదు. పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఎవరికి చెప్పుకుంట?"

కృష్ణప్రియ ఏడుపు ఆగిపోయింది. అత్తగారిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

బక్కమ్మ లేచి వెళ్ళి సులోచన పక్కన కూర్చుంది. మర్యాదలన్నీ ఎటు పోయాయో, మీరు కాస్తా నువ్వు అయింది. "ఒక్కపారి ఆపకు వదినా. నేను గట్ల జేసే సావుదాక వొయ్యొచ్చిన. డాక్టరు మెల్లమెల్లగ తగ్గిస్తడు. నేనొస్త నీ ఎంబడి. గా బీరువా తాళం మాత్రం బిడ్డకియ్యి. నీకూ మంచిది, నాకూ మంచిది."

"ఇది ఎప్పటికి పోతది వదినా?"

అబద్ధమాడి ధైర్యం చెప్పొచ్చు. బక్కమ్మ ఆడలేదు. "నాదైతె పోలే. ఏడేండ్లు పండుకుని, సగం గోలీకి లేచి కూసున్నది, సూడలే? అది ఉంటది. ఉన్నా మనం మంచిగ బతుకొచ్చు. నేను బతుకుతలేనా? నీ ముంగట లేనా?"

ఆ తర్వాతి రెండు మూడు రోజులూ బక్కమ్మకు గడ్డుగానే గడిచాయి. సాయంత్రమైతే చాలు, కాలు ఒక్క చోట నిలిచేది కాదు. హాల్లో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచేది, సులోచన కూడా ఆమె పక్కనే నడిచేది. కృష్ణప్రియ బీరువా తాళంచెవి బ్యాంకుకే పట్టుకుపోయేది. సాయంత్రం వచ్చి అత్తగారి మాత్రలు లెక్కగా అత్తగారి చేతిలో పెట్టేది. తల్లితో మాత్రం సరిగ్గా మాట్లాడడం లేదు. అన్నం తిన్నావా అంటే తిన్నాననేది, అంతే. బక్కమ్మ కూడా కదిలించలేదు. ఒట్టు తప్పింది తానే కదా.

ఆ వారంలోనే ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. హాలు నిండా జనం. సంగారెడ్డిలో తాను పాఠాలు చెప్పిన పిల్లలెవరైనా కనబడతారేమోనని సులోచన మాస్కు పెట్టుకుని, కొంగు కప్పుకుని, మూల కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. పేరు పిలిచారు. నర్సు తలుపు దగ్గరే నిలబడి అందరికీ వినబడేలా అడిగింది.

"నిద్రగోలీలు మాన్పించే కేసు మీదేనా? ఎంట ఎవరొచ్చిన్రు?"

హాల్లో తలలన్నీ అటు తిరిగాయి. సులోచన లేవలేకపోయింది. బక్కమ్మ నోరు తెరవబోయేంతలో కృష్ణప్రియ లేచి నిలబడింది.

"నేను ఆమె కోడల్ని" అంది. కౌంటర్లో మాట్లాడే సన్నటి గొంతు కాదు అది. అచ్చం తల్లి గొంతు, హాలు చివరిదాకా పోయే గొంతు. "ఈమె మా అమ్మ. మా అమ్మ గూడ లోపలికొస్తది. ఆమె కల్లు తాగేది, ఏడేండ్ల కింద మానింది. మొన్న మల్ల మొదలైతుంటే తనంతట తానే చెప్పి ఆపుకున్నది. ఎట్ల ఆపాలెనో మా అత్తమ్మకు ఆమెనే చెప్తది."

బక్కమ్మ మొహం వేడెక్కింది. జన్మలో గొంతు తగ్గించని మనిషి, కూతురి చీర కుచ్చిళ్ళు పట్టి లాగి గుసగుసలాడింది. "జెర మెల్లగ చెప్పరాదే! అందరు సూస్తున్రు."

"సూడనీ" అంది కృష్ణప్రియ. అని, ఒక చేత్తో అత్తగారిని లేపి, ఇంకో చెయ్యి తల్లికి అందించింది.

బక్కమ్మ ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుని, కొంగు సర్దుకుని, అందరూ చూస్తుండగా తల ఎత్తుకుని లోపలికి నడిచింది.